కోఠీ పుస్తకాల షాపు, ప్రాప్ ట్రేడింగ్ ఉద్యోగం

ప్లేస్‌మెంట్ సీజన్ రాగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక వార్త తిరగడం మొదలవుతుంది. ఏదో ఐఐటీలో ఎవరికో కోటి దాటిన ప్యాకేజీ అని. కంపెనీ పేరు చూస్తే గూగుల్ కాదు, మైక్రోసాఫ్ట్ కాదు. జేన్ స్ట్రీట్, ఆప్టివర్, గ్రావిటన్, ఆల్ఫాగ్రెప్... మన ఇళ్లల్లో ఎవరూ విని ఉండని పేర్లు. వీటిని ప్రాప్రైటరీ ట్రేడింగ్ ఫర్మ్స్ అంటారు, పొట్టిగా ప్రాప్ ఫర్మ్స్. డిగ్రీ అవ్వగానే అక్కడ చేరితే చేసే పని ఏంటి? నాకు అర్థమైనంతలో రాస్తున్నాను.

మ్యూచువల్ ఫండ్ జనం డబ్బు తీసుకుని పెట్టుబడి పెడుతుంది. ప్రాప్ ఫర్మ్‌కి కస్టమర్లు ఉండరు. సొంత డబ్బుతోనే ఆడుతుంది. లాభమైనా నష్టమైనా తనదే.

మరి లాభం ఎలా వస్తుంది? "ఏ షేర్ పెరుగుతుందో వీళ్లకి ముందే తెలుస్తుంది" అని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి కోఠీకి వెళ్తే అర్థమవుతుంది. అక్కడ సెకండ్ హ్యాండ్ పుస్తకాల షాపాయన మన డేటా స్ట్రక్చర్స్ పుస్తకం 150కి కొంటాడనుకోండి. వారం తిరిగేలోపు అదే పుస్తకం ఇంకో కాలేజీ జూనియర్‌కి 250కి అమ్ముతాడు. పుస్తకం మంచిదా కాదా ఆయనకి అనవసరం. కొనే రేటు ఒకటి, అమ్మే రేటు ఒకటి, రెండూ ఎప్పుడూ రెడీ. మార్కెట్లో మొదటిదాన్ని బిడ్ అంటారు, రెండోదాన్ని ఆస్క్ అంటారు, మధ్య తేడా స్ప్రెడ్. ఈ పనికి మార్కెట్ మేకింగ్ అని పేరు. మా అమ్మమ్మ అయితే మారుబేరం అనేస్తుంది. నిజానికి ఆ మాటే కరెక్ట్‌గా ఉంది. ప్రాప్ ఫర్మ్స్ వేరే స్ట్రాటజీలు కూడా చేస్తాయి కానీ, చాలావాటికి పునాది ఇదే.

ఇప్పుడు కష్టం ఎక్కడో చూడండి. జేఎన్‌టీయూహెచ్‌లో ఆర్ 18 పోయి ఆర్ 22 వచ్చింది కదా. ఆ సంగతి షాపాయనకి ఇంకా తెలీదు, సీనియర్లకి తెలుసు అనుకోండి. ఏమవుతుంది? అందరూ పాత సిలబస్ పుస్తకాలు పట్టుకొచ్చి 150కి అమ్మేసి పోతారు. ఆయన మాత్రం "ఈరోజు బేరాలు బాగున్నాయే" అనుకుంటాడు. ఎదుటివాడికి మనకంటే ఎక్కువ తెలిసినప్పుడు మన రేటుకి వెంటనే ఒప్పుకుంటాడు, మనం మునుగుతాం. దీన్ని అడ్వర్స్ సెలెక్షన్ అంటారు. ఈ ఒక్క ఐడియా పట్టుకుంటే ఉద్యోగం సగం అర్థమైనట్టే.

ఇంటర్వ్యూలు కూడా దీని చుట్టూనే. బ్యాలెన్స్ షీట్లు అడగరు, పాచికలు అడుగుతారు. ఒక పాచిక వేస్తాం, ఎంత పడితే అన్ని రూపాయలు ఇస్తాం, ఈ ఆటకి ఎంత పెడతావు? సగటు 3.5. సరే, మొదటిది నచ్చకపోతే ఇంకోసారి వేయొచ్చు అంటే? 4, 5, 6 పడితే ఉంచుకుంటాం, అక్కడ సగటు 5. మిగతా సగం సార్లు మళ్లీ వేస్తాం, అప్పుడు 3.5. మొత్తం 4.25. ఇంతవరకు ఇంటర్ లెక్కలే.

తర్వాతే అసలు ఆట. రెండు పాచికల మొత్తానికి బిడ్, ఆస్క్ చెప్పమంటారు. మీరు 6.5, 7.5 అన్నారు. ఆయన "7.5కి కొన్నా" అంటాడు. మళ్లీ రేటు చెప్పమంటాడు. అవే నంబర్లు మళ్లీ చెప్తే కోఠీ షాపాయన పరిస్థితే. ఆయన ఒక పాచిక చూసేసి కొని ఉండొచ్చు కదా? కాబట్టి రెండు రేట్లూ కొంచెం పైకి జరపాలి. వాళ్లు చూసేది ఇదే: ఎదుటివాడు చేసిన పని నుంచి మీరు ఏం నేర్చుకున్నారని. వీటికి ముందు స్పీడ్ టెస్టులు కూడా ఉంటాయి. ఆప్టివర్‌ది ఫేమస్, 8 నిమిషాల్లో 80 లెక్కలు, కాలిక్యులేటర్ లేకుండా.

రోల్స్ మూడు రకాలు: ట్రేడర్, క్వాంట్ రీసెర్చర్, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. సీఎస్‌ఈ వాళ్లకి మూడోది దగ్గర. ఎక్కువ చోట్ల సీ ప్లస్ ప్లస్, జేన్ స్ట్రీట్‌లో మాత్రం ఓకామ్ల్. సర్వర్లని ఎక్స్‌చేంజ్ డేటా సెంటర్‌లోనే అద్దెకి పెట్టి, ఆర్డర్ వెళ్లే టైమ్‌ని నానోసెకన్లలో కొలుస్తారు. కొత్తగా చేరినవాళ్లకి మొదట క్లాసులు, ఉత్తుత్తి ట్రేడింగ్ ఉంటాయి, అసలు డబ్బు తర్వాతే. జీతంలో పెద్ద వాటా బోనస్ అయ్యే అవకాశం ఎక్కువ, అది ఏటా ఒకేలా ఉండదు. ఆఫర్ లెటర్‌లో నాన్ కంపీట్ క్లాజ్ ఉంటే జాగ్రత్తగా చదవాలి. మానేశాక కొన్ని నెలలు పోటీ కంపెనీలో చేరకూడదనేది దాని అర్థం.

"కోడింగే కదా" అనుకునేవాళ్లు నైట్ క్యాపిటల్ గురించి చదవాలి. 2012 ఆగస్టు 1న ఆ అమెరికన్ కంపెనీ కొత్త కోడ్ పెట్టింది. 8 సర్వర్లలో ఒకదాంట్లో అప్‌డేట్ మిస్సయింది. అందులో ఎప్పుడో వాడటం మానేసిన పాత కోడ్ నిద్రలేచి ఆర్డర్లు కుమ్మరించింది. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకి పైగా నష్టం. మరుసటి ఏడాదికల్లా ఆ కంపెనీ ఇంకో కంపెనీలో కలిసిపోయింది.

ఇక ప్యాకేజీ వార్తల్లో కనపడని విషయం. ఎదుటివాడు ఎవరు? సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన స్టడీ ప్రకారం ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో మామూలు ట్రేడర్లలో 93 శాతం మంది మూడేళ్లలో నష్టపోయారు. మొత్తం 1.8 లక్షల కోట్ల పైనే. 2023-24 ఒక్క ఏడాదిలో ప్రాప్ ట్రేడర్లకి ఖర్చులు తీయకముందు వచ్చిన లాభం 33,000 కోట్లు. ఆ లాభంలో 96 శాతం అల్గోరిథమ్స్ చేసినదే. 2025 జులైలో సెబీ, బ్యాంక్ నిఫ్టీని తారుమారు చేశారని జేన్ స్ట్రీట్ మీద ఆర్డర్ ఇచ్చి 4,843 కోట్లు జమ చేయించింది. కంపెనీ ఆ ఆరోపణ ఒప్పుకోలేదు, అప్పీల్‌కి వెళ్లింది. ఆ కేసు సంగతి పక్కన పెట్టినా, రూల్ ప్రకారం నడిచే రోజు కూడా లెక్క మారదు. మంగళవారం నిఫ్టీ ఎక్స్‌పైరీ రోజు లాస్ట్ బెంచ్‌లో కూర్చుని ఫోన్‌లో ఆప్షన్ కొనే నా రూమ్మేట్‌కి, అవతల అమ్మేది చాలాసార్లు ఇలాంటి మెషీనే అయి ఉంటుంది. వాడికి యూట్యూబ్ చార్ట్ తెలుసు. దానికి ప్రతి స్ట్రైక్ ధర తెలుసు.

మార్కెట్ మేకర్లు లేకపోతే స్ప్రెడ్ పెరిగి అందరికీ ఖర్చు ఎక్కువవుతుంది, అది నిజమే. అయినా నాకు ఇంకా పూర్తిగా సమాధానం దొరకలేదు. అప్లై మాత్రం చేస్తాను. ఆ లెక్కలు నాకు ఇష్టం. రూమ్మేట్‌కి పాచికల ఆట చూపించాను, మూడు రౌండ్లు ఓడిపోయి "నువ్వు ముందే చూశావు రా" అన్నాడు. అవును, చూశాను. మంగళవారం కూడా అలా ఎవరో చూసే ఉంటారు అని చెప్పాను.

ఈ కంపెనీలు మన క్యాంపస్‌కి రావు కాబట్టి బయట దారులు: ఐఎంసీ ప్రాస్పెరిటీ అనే ఆన్‌లైన్ ట్రేడింగ్ పోటీ విద్యార్థులకి ఫ్రీ, పైథాన్ వస్తే చాలు. జేన్ స్ట్రీట్ వెబ్‌సైట్‌లో నెలకొక పజిల్ పెడతారు. కోడ్‌ఫోర్సెస్ ఎలాగూ ఉంది. ప్రాస్పెరిటీకి టీమ్ కట్టొచ్చు, నాకు ఇంకో ఇద్దరు కావాలి.