పిల్లలకోడికి ఫోటో

మా ఊళ్ళో కృత్తికల్ని పిల్లలకోడి అంటారు. కార్తీకంలో పొద్దుగూకగానే తూర్పున లేస్తుంది. కృత్తిక కార్తెలో మాత్రం కనబడదు. మే నెలలో సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు మరి!

ఉత్త కంటికి ఆరు చుక్కలు. టెలిస్కోపులో పదులకొద్దీ. నిజానికి వెయ్యికి పైనే. సుమారు 10 కోట్ల ఏళ్ళ క్రితం ఒకే వాయుమేఘంలో పుట్టిన తోబుట్టువులివి. మనకు 440 కాంతి సంవత్సరాల దూరం. పట్టు వదులు కనుక ఎప్పటికైనా వేరుపడి చెదిరిపోతాయి. ఇలాంటి గుంపును వివృత తారాగుచ్ఛం అంటారు.

కన్ను వెలుగును దాచుకోలేదు. ఫోటో ప్లేటు, గాదెలో గింజలు పోసినట్టు, నిమిషాల తరబడి కూడబెడుతుంది. కానీ భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుందే! టెలిస్కోపు కూడా చుక్క వెంట అంతే నెమ్మదిగా తిరగాలి, లేకపోతే చుక్క గీతవుతుంది. బేగంపేటలోని నిజామియా వేధశాలలో 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫుతో 1914 నుంచి ఇలాగే ఆకాశాన్ని ప్లేట్లకెక్కించి, లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. ఆ వేధశాల 1919లో మన ఉస్మానియాలో చేరిందన్న సంగతి హాస్టళ్ళలో ఎందరికి తెలుసో!

చిక్కేమిటంటే, ప్లేటు చుక్క వెలుగుతోబాటు వీధిదీపం వెలుగునీ కూడబెడుతుంది. అందుకే 1968లో 48 అంగుళాల టెలిస్కోపును ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో నిలిపారు. తార్నాక దీపాల ఎదుట, సీతాఫల్‌మండి మేడమీంచి నాకు నాలుగే లెక్కకొస్తున్నాయి.