వార్తల్లో పదం: ట్రేడ్

వేలంతో పనిలేకుండా ఐపీఎల్ జట్లు ఆటగాళ్లను నేరుగా ఇచ్చిపుచ్చుకోవడమే ట్రేడ్. బదులుగా ఆటగాణ్నే ఇవ్వనక్కర్లేదు, డబ్బిచ్చినా చాలు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోనైతే కొత్త కుర్రాళ్లను ఎంచుకునే తొలి రౌండ్ అవకాశాన్నీ ఇలా ఇచ్చేయొచ్చు.

2023 నవంబరులో బెంగళూరు జట్టు రూ.17.5 కోట్లకు కామెరాన్ గ్రీన్‌ను ముంబై నుంచి తెచ్చుకుంది. ఒక్క సీజన్ ఆడించి వదిలేసింది. అదే నెలలో షాబాజ్ అహ్మద్‌ను హైదరాబాద్‌కిచ్చి మయాంక్ డాగర్‌ను తీసుకుంది. 2024 రెండో క్వాలిఫయర్‌లో ఆ షాబాజే 23 పరుగులకు 3 వికెట్లు తీశాడు. హైదరాబాద్ ఫైనల్‌కు చేరింది.

మళ్లీ ఎన్‌బీఏకొస్తే, కప్పుకు ఒక్క ఆటగాడే తక్కువైన జట్టు తొలి రౌండ్ అవకాశాన్ని వదులుకోవచ్చు. ఇంకా కుదురుకోని జట్టు మాత్రం వదులుకోకూడదు. దానికి కావలసింది ఆ కుర్రాళ్లే.