సరంగు చేతికీ ఇంజన్‌కీ నడుమ ఒక తీగ

చిన్న మోటారు పడవ నడిపే మనిషి చేతిని గమనించండి. ఒక చేయి స్టీరింగ్ మీద ఉంటే రెండోది లీవరు మీద ఉంటుంది. లీవరు ముందుకు తోస్తే పడవ ముందుకు పోతుంది, వెనక్కి లాగితే వెనక్కి వస్తుంది, నిట్టనిలువుగా నిలిపితే గేరు విడిపోయి న్యూట్రల్‌లో పడుతుంది. రేవు దగ్గరపడ్డాక లీవరు వెనక్కి లాగినా పడవ ముందుకే పోయిందనుకుందాం. గట్టుకు కొట్టుకున్నాక అందరూ అనే మాట ఒకటే, "ఇంజన్ పోయింది" అని. ఇంజన్ మాత్రం నిక్షేపంగా ఉండి ఉండొచ్చు, దానికి చెప్పాల్సిన మాట చేరకపోయి ఉండొచ్చు. ఆ మాటను మోసేది వేలి లావు కూడా లేని ఒక కేబుల్. పడవ ఇంజన్ తెచ్చిపెట్టే తిప్పల్లో అర్థం కానివి అనిపించేవి చాలావరకు ఈ కేబుల్ దగ్గరే తేలతాయని, దానికి సరైన మారు భాగాన్ని పేరును బట్టి కాక కొలతను బట్టి వెతకాలని ఈ వ్యాసంలో వాదిస్తున్నాను. సముద్రం లేని హైదరాబాదులో, అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల, ఈ వాదనకు కావలసిన సాక్ష్యం బోలెడు దొరుకుతుంది.

ఒకప్పుడు ఈ తీగ లేదు. పడవ నడిపేవాడు ఒకడు, ఇంజన్ చూసేవాడు మరొకడు. ఆవిరి పడవల్లో పైన ఉన్న సరంగు గంట కొడితే కింద ఇంజన్ దగ్గరున్న డ్రైవరు దాని అర్థం తెలుసుకుని వేగం పెంచేవాడు, తగ్గించేవాడు. 1917 నాటి మన ఇన్‌లాండ్ స్టీమ్ వెసెల్స్ చట్టం సరంగుకు వేరే, ఇంజన్ డ్రైవరుకు వేరే యోగ్యతా పత్రాలు పెట్టిందంటే ఆ విభజన ఎంత గట్టిదో తెలుస్తుంది. ఇక 1909లో అమెరికాలోని మిల్వాకీలో ఓలె ఎవిన్‌రూడ్ అమ్మకానికి తెచ్చిన ఔట్‌బోర్డ్ మోటారు ఒకటిన్నర హార్స్ పవర్‌ది. పడవ వెనక అంచుకు తగిలించి, దాని పక్కనే కూర్చుని చేత్తో తిప్పేవారు. మనిషి ఇంజన్‌ను ఆనుకునే ఉన్నాడు కనుక నడుమ మధ్యవర్తి అక్కర్లేదు. పడవలు పెద్దవై, నడిపేవాడు దారి కనిపించే చోటికి, ముందుకు వచ్చి కూర్చున్నప్పుడు చిక్కు వచ్చింది. పది పదిహేను అడుగుల దూరం నుంచి, వంపులు తిరిగిన దారిలో, చేతి కదలికను ఇంజన్ దాకా ఎలా పంపాలి?

ఆ జవాబు అప్పటికే సైకిల్ మీద ఉంది. పాలవాళ్ల నల్ల సైకిళ్లను గుర్తు తెచ్చుకోండి. వాటి బ్రేకులు ఇనుప కడ్డీలతో నడుస్తాయి. కడ్డీ వంగదు కనుక మూల తిరగాల్సిన ప్రతిచోటా ఒక కీలు, ఒక బోల్టు కావాలి. ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ 1896లో పేటెంటు తీసుకున్న ఉపాయంతో ఈ కీళ్లన్నీ పోయాయి. ర్యాలీ సైకిల్ కంపెనీ పెట్టిన ఫ్రాంక్ బౌడెన్ వేరే మనిషి, ఇంటిపేరు ఒకటే కావడంతో చాలామంది ఇద్దరినీ కలిపేస్తారు. ఎర్నెస్ట్ బౌడెన్ చేసింది ఇది. సన్నని తీగను, స్ప్రింగులా దగ్గరగా చుట్టిన మరో తీగ గొట్టంలో దూర్చాడు. మెకానిక్కులు ఇన్నరు, ఔటరు అనేవి ఇవే. ఇన్నరును లాగినంత బలంతో ఔటరు నొక్కుకుంటుంది. లాగుడు, నొక్కుడు రెండూ కేబుల్‌లోనే సరిపోతాయి కనుక కేబుల్ ఎలా వంగినా కదలిక అవతలి చివరకు చేరుతుంది. స్కూటరు క్లచ్, ఆటో గేర్లు, కృత్రిమ చేయి వేళ్లు కూడా ఈ సూత్రం మీదే కదులుతాయి. పడవకు చేరేసరికి ఒక మార్పు అవసరమైంది. స్కూటరు క్లచ్ వైరు లాగడానికే పనికొస్తుంది, వదిలితే స్ప్రింగు వెనక్కి తీసుకుపోతుంది. పడవ గేరును అటూ ఇటూ రెండు వైపులా కదపాలి. అందుకే పడవ కేబుల్ ఇన్నరు కాస్త బిరుసుగా, తోసినా మడత పడకుండా ఉంటుంది.

ఈ తీగ ఎందుకు మొరాయిస్తుందో తెలుసుకోవాలంటే రేవులో గుంజకు తాడు చుట్టే పడవవాణ్ణి చూడాలి. నిండు పడవ ప్రవాహంలోకి లాగుతుంటే ఒక్కడు ఆపలేడు. తాడును గుంజకు రెండు చుట్లు చుట్టి కొస పట్టుకుంటే ఒక చేత్తో ఆపుతాడు. దీని వెనక ఉన్న లెక్కకు ఆయిలర్, ఐటెల్వైన్ అనే గణితజ్ఞుల పేర్లున్నాయి. ఒరిపిడి గుణకం 0.3 అయితే రెండు చుట్లతో చేతి బలం దాదాపు 43 రెట్లవుతుంది, మూడు చుట్లతో 285 రెట్లకు పోతుంది. చుట్టు పెరిగేకొద్దీ బలం కూడికలో కాక గుణకారంలో పెరుగుతుంది. గుంజ దగ్గర పడవవాణ్ణి కాపాడే ఈ సూత్రమే ఔటర్లో అతనికి ఎదురు తిరుగుతుంది. కేబుల్ మొత్తం మీద వంపులన్నీ కలిపి అర చుట్టు ఉండి, లోపల నున్నగా ఒరిపిడి 0.15 ఉంటే, ఇంజన్ దగ్గర కావలసిన బలానికి 1.6 రెట్లు చేత్తో పెట్టాలి. వంపులు ఒక పూర్తి చుట్టయితే 2.6 రెట్లు కావాలి. ఆ పూర్తి చుట్టులోనే నీరు దిగి తుప్పు పట్టి ఒరిపిడి 0.3కి పెరిగితే 6.6 రెట్లవుతుంది. ఒరిపిడి పెరిగింది రెండింతలే, చేతికి తగిలే బరువు రెండున్నర రెట్లు దాటింది. నిన్నటి దాకా కాస్త బిగుతుగా ఉన్న లీవరు ఇవాళ కదలనని మొండికేయడానికి ఇదే కారణం. గేరుబాక్సులో ఏదో విరిగిందని భయపడి దాన్ని విప్పించేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూసుకుంటే చాలు, సగం ఖర్చు తప్పుతుంది.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. పడవ ఇంజన్లు ఎక్కువగా ఆగేది కేబుల్ వల్ల కాదు, ఇంధనం వల్ల, నీళ్ల వల్ల కదా అంటారు. నిజమే, ముందు చూడాల్సినవి అవే. డీజిల్ ఇంజన్ గాలి పట్టిందా, ఫిల్టర్‌లో నీళ్లు దిగాయా, పెట్రోలు ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయిందా, ఇంజన్ చల్లబరిచే నీరు పక్క నుంచి సన్నని ధారగా వస్తోందా, ఆ నీటిని తోడే రబ్బరు రెక్కల చక్రం చిరిగిందా? హుస్సేన్‌సాగర్ లాంటి చోట పంకాకు గుర్రపుడెక్క వేర్లు, ప్లాస్టిక్ సంచులు, పాత గుడ్డలు చుట్టుకున్నాయా? ఈ తప్పులన్నిటికీ ఒక మంచి గుణం ఉంది, అవి కనిపిస్తాయి. ధార ఆగుతుంది, పొగ రంగు మారుతుంది, చప్పుడు మారుతుంది. కేబుల్ తప్పు కనిపించదు, తనను తాను ఇంజన్ తప్పుగా చూపిస్తుంది. ఇన్నరు బిగుసుకుని థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోకపోతే ఇంజన్ బోరుకొచ్చినట్టు అనిపిస్తుంది. గేరు కేబుల్ సెట్టింగ్ కాస్త జరిగి లీవరు న్యూట్రల్‌లో ఉన్నా గేరు సగం పట్టుకునే ఉంటే గేరుబాక్సు మీద అనుమానం పోతుంది. గేరులో ఉండగా స్టార్ట్ కాకుండా లీవరు పెట్టెలోనే స్విచ్ పెడతారు. లీవరు తిన్నగా న్యూట్రల్‌కు రాకపోతే ఆ స్విచ్ కలవదు, అప్పుడు సెల్ఫ్ మోటారు పోయిందంటారు. మూడు రోగాలకూ మూలం ఒక్క చోటే. దాన్ని పట్టుకునే పద్ధతి కూడా తేలికే. ఇంజన్ ఆపి, ఇంజన్ వైపు కేబుల్ చివర ఊడదీసి, లీవరు కదపాలి. అప్పుడూ బిగుతుగానే ఉంటే తప్పు కేబుల్‌లోనో లీవరు పెట్టెలోనో ఉంది. తేలిగ్గా కదిలితే తప్పు అవతలి వైపుంది. ఔట్‌బోర్డ్‌లో ఇంజన్ ఆగి ఉండగా గేరు పళ్లు ఎదురెదురుగా వచ్చి పడకపోవచ్చు, పంకాను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. అది తెలియక గేరు పడటం లేదని తేల్చేయకూడదు.

తప్పు కేబుల్‌దేనని తేలాక మారు భాగం ఎక్కడ వెతకాలి? అబిడ్స్ పేరులోనే ఒక జవాబు ఉంది. ఆరో నిజాం కాలంలో ఆల్బర్ట్ ఆబిద్ అనే వ్యాపారి ఇక్కడ విదేశీ సరుకుల దుకాణం నడిపాడు. పేరున్న సరుకు బయటి నుంచి రావాలి, దాన్ని కొనుక్కోవాలి అన్నది ఆ దుకాణం ధోరణి. కొద్ది దూరంలోని నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ వేరే జవాబు చెబుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇప్పటి మైదానానికి చేరిన ఆ ప్రదర్శన, ఇక్కడి చేతులు ఏం చేయగలవో చూపించడానికే పుట్టింది. ఇటు జాంబాగ్, పుత్లీబౌలీ సందుల్లో బైకులు, ఆటోల సామాన్ల దుకాణాల్లో క్లచ్ వైర్లు, బ్రేకు వైర్లు కట్టలుగా వేలాడుతుంటాయి. కేబుల్ అంటే ఏమిటో ఈ ఊరికి బాగా తెలుసు. అయితే ఆ కట్టలోంచి ఒకటి లాగి పడవకు వేయమని నేను అనను. ఆ పని ప్రమాదం. లాగడానికే పనికొచ్చే వైరు వేస్తే వెనక్కి తోసేటప్పుడు మడత పడుతుంది, జనంతో రేవుకు చేరుతున్న పడవలో అది ప్రాణాల మీదకు వస్తుంది. అందుకే కంపెనీ పార్టే కొనాలనేవారి మాటలో సగం నిజం ఉంది.

మిగతా సగం దగ్గరే పేచీ. చిన్న పడవల కేబుళ్లలో బాగా వాడుకలో ఉన్న రకానికి కొలతలు స్థిరపడి ఉన్నాయి. చివర అంగుళానికి 32 చుట్ల సన్న మర ఉంటుంది, ఇన్నరు నడక 3 అంగుళాలు, వంపు వ్యాసార్ధం 8 అంగుళాలకు తగ్గకూడదు, పొడవు చివర నుంచి చివరకు అడుగుల్లో లెక్క. కొన్ని కంపెనీలు తమ సొంత తరహా చివరలు పెడతాయి, అక్కడ వాళ్ల దగ్గరకే వెళ్లాలి. మిగతా చోట్ల ఈ కొలతలు, స్టెయిన్‌లెస్ చివరలు, రెండు వైపులా పనిచేసే గుణం సరిపోతే పేరు ఏదైనా ఒకటే. అవి సరిపోకపోతే అసలు కంపెనీ పెట్టెలోంచి తీసినదైనా పనికిరాదు. పొడవు ఎక్కువున్న ఒరిజినల్ కేబుల్‌ను తెచ్చి, మిగిలినదాన్ని గుండ్రంగా చుట్టి బల్ల కింద తోసేశారనుకోండి. ఆ ఒక్క చుట్టుతో చేతి బరువు 2.6 రెట్లయింది. కొత్త కేబుల్, పాత జబ్బు.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ లీవర్లు వచ్చాయి, తీగ కాలం చెల్లిందని అనేవారూ ఉన్నారు. పెద్ద ఖరీదైన ఇంజన్లలో అది నిజం. కానీ తీగ స్థానంలో రాగి వైరు వచ్చినంత మాత్రాన చేతికీ ఇంజన్‌కీ నడుమ ఉన్న బలహీనత పోదు. మురుగు కుళ్లే నీటి నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, అది రాగిని నల్లబరిచి కలయికలను పాడుచేస్తుంది. ఏళ్ల తరబడి నాలాల నీరు మోసిన హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఇది పుస్తకాల్లోని రసాయన శాస్త్రంగా మిగలదు. ఉక్కు తీగ బిగుసుకోబోతున్నట్టు చేతికి వారాల ముందే తెలుస్తుంది. మాసిన రాగి కలయిక ఏ హెచ్చరికా లేకుండా తెగిపోవచ్చు.

కాబట్టి పాత కేబుల్ విప్పే ముందే దాని దారిని ఫోటో తీసుకోవాలి, ఎక్కడెక్కడ వంగిందో లెక్కపెట్టాలి. ఔటరు మీద ముద్రించిన నంబరు అరగకుండా ఉంటే రాసుకోవాలి. గేరు, థ్రాటిల్ కేబుళ్లు ఒకే వయసువి, ఒకే ఎండకూ నీటికీ ఓర్చినవి కనుక రెండూ కలిపి మార్చాలి. స్కూటరు సామాన్ల దుకాణంలో మొదటి ప్రశ్న "బండి ఏది?" అని ఉంటుంది. పడవ కేబుల్ అమ్మేవాడు అడగాల్సినవి, కొనేవాడు అడగకముందే చెప్పాల్సినవి వేరు: పొడవెంత, నడకెంత, చివర ఏ మర, దారిలో ఎన్ని వంపులు.