పరువి నుండి పరిగి దాక: పాత పుస్తకములు, పసివారి పుస్తకములు

హిందూపురమునకు సమీపమున నున్న పరిగి గ్రామమునకు శాసనములలోని పేరు పరువి. పెనుకొండలో దొరకిన గంగరాజు మాధవుని తామ్రశాసనము పరువి విషయమునందలి యొక భూదానమును పేర్కొన్నది. విషయమనగా నాటి పాలనాభాగము. అనగా ఈ గ్రామము పేరిట ఒక సీమయే యుండెడిదన్నమాట. గంగరాజులకు పల్లవులు పట్టము గట్టిన సంగతియు ఆ రేకులలోనే కలదు. దక్షిణదేశపు పూర్వరాజుల కాలనిర్ణయమున చరిత్రకారులు దానిని పలుమారులు ఆశ్రయించిరి. లూయీ రైసు పండితుడు దానిని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 14వ సంపుటమున ప్రకటించెను. ఇంతటి పూర్వచరిత్ర గల యూరిలో పుట్టిన బాలునకు ఆ సంగతి తెలియవలెనన్నచో, ఆంగ్లము తెలిసిన వారెవరో ఆ సంపుటమును తెరచి చెప్పవలసినదే.

ఆ సంపుటములు ఒకప్పుడు పెద్ద గ్రంథాలయముల బీరువాలలో తప్ప కానరానివి. భారత పురావస్తుశాఖ వానిని పునర్ముద్రించిన పిమ్మట కొనదలచిన వారికి దొరకుచున్నవి. న్యూఢిల్లీలో 1973లో వెలసిన ఏషియన్ ఎడ్యుకేషనల్ సర్వీసెస్ సంస్థ ప్రాచీన గ్రంథముల పునర్ముద్రణమునే వృత్తిగా గైకొన్నది. పెనుకొండ పేరు పలుమార్లు వచ్చు సూయల్ దొరగారి విజయనగర చరిత్ర (1900), థర్‌స్టన్, రంగాచారిగార్లు కూర్చిన కులముల, తెగల వివరణ సంపుటములు (1909), బ్రౌను నిఘంటువు మొదలగునవి ఇట్లే మరల వెలుగు జూచినవి. బ్రౌను తెలుగు–ఆంగ్ల నిఘంటువు 1852లో తొలుత అచ్చైనది. 1903లో సవరణలతో రెండవ కూర్పు వచ్చినది. సవరించిన వారిలో వీరేశలింగము పంతులుగారును ఒకరు. నేడు విద్యార్థుల చేతులలో నున్నది ఆ రెండవ కూర్పునకు ప్రతిబింబమే.

ప్రతిబింబమనుట ఉపమానము కాదు. పాతపుటను ఛాయాచిత్రము దీసి దానినే అచ్చువేయుదురు. అక్షరము కూర్చు పని లేదు గనుక కొత్త అచ్చుతప్పులు రావు. పాతవి మాత్రము చెక్కుచెదరక నిలుచును. అరిగిన అక్షరము అరిగినట్లే యుండును. మడతలు విప్పి చూడవలసిన పటములు కుంచించుకొని కంటికి ఆనవు. అంతకన్న పెద్ద లోపము వేరొకటి కలదు. దొర కాలమునాటి అభిప్రాయములకు నేటి పండితుడు నాలుగు పుటల పీఠికయైన వ్రాయనిచో, థర్‌స్టన్ ఒక కులమును గూర్చి వ్రాసిన మాటను నేటి యువకుడు నేటి సత్యముగా గైకొనవచ్చును. పునర్ముద్రణకర్తలలో పెక్కురు ఈ పీఠిక ఖర్చును మిగుల్చుకొందురు. పుస్తకము వెల మాత్రము మిగులదు!

విజ్ఞానశాస్త్ర గ్రంథముల గతి దీనికి విలోమము. చరిత్రగ్రంథము పాతబడిన కొలది విలువ హెచ్చును; శాస్త్రగ్రంథము పాతబడిన నాడే పనికిమాలును. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు మిత్రులతో గూడి 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి, చరిత్రలతో పాటు ప్రకృతిశాస్త్ర గ్రంథములను గూడ తెలుగున వెలువరించిరి. అణువును గూర్చి, రోగక్రిములను గూర్చి తెలుగువాడు తెలుగుననే చదువవలెనన్న పట్టుదల అది. నేడు ఆ పుస్తకములు శాస్త్రము నేర్చుటకు గాక, తెలుగు పారిభాషిక పదములు ఎట్లు పుట్టినవో చూచుటకు ఉపకరించును. అవియే పురావస్తువులైనవి! 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాలల పాఠ్యగ్రంథములను తెలుగున సమకూర్చినది. కాని పాఠ్యగ్రంథము పరీక్షకై చదువబడును, ముచ్చటకై కాదు. ఆ ముచ్చట దీర్చిన వారిలో మహీధర నళినీమోహన్ (1933–2005) అగ్రగణ్యులు. గ్రహణములను, క్యాలెండరును కథలుగా చెప్పిన వారి శైలి శాస్త్రమునకు చెవినిచ్చునట్లు చేసినది.

పసివారి పుస్తకములకు వచ్చినచో, పూర్వము అంతయు ఒక్క పెద్దబాలశిక్షలోనే యుండెడిది. పందొమ్మిదవ శతాబ్ది నడుమ పుదూరు సీతారామశాస్త్రిగారి చేతిలో రూపు దిద్దుకొనిన ఈ గ్రంథము ఓనమాలు మొదలుకొని తిథులు, నక్షత్రములు, కొలతలు, నీతివాక్యములు అన్నింటిని ఒకే అట్టల నడుమ బంధించినది. వాడినది ప్రకాశకుల యిష్టానుసారము పెరుగుచు తరుగుచు నేటికిని అమ్ముడగుచునే యున్నది. కంఠస్థము చేయించుటయందు దానికి సాటి లేదు. ఎందుకని ప్రశ్నించు పిల్లవానికి మాత్రము అందు జవాబు దొరకదు.

ఆ జవాబు కొంతకాలము మాస్కో నుండి వచ్చెడిది. ప్రగతి, రాదుగ, మీర్ ప్రచురణాలయములు తెలుగున అచ్చువేసిన పుస్తకములు గట్టి అట్టలతో, రంగుల బొమ్మలతో, మిక్కిలి చౌకగా విశాలాంధ్ర అంగళ్లలో లభించెడివి. కడపజిల్లా వారైన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు 1970 దశకమున అచటనే యుండి అనువాదములు చేసిరి. 1991లో సోవియట్ రాజ్యము కూలుటతో ఆ ఊట యెండిపోయినది. చౌకతనము పుస్తకములోని గుణము కాదనియు, ఒక ప్రభుత్వము భరించిన ఖర్చనియు అప్పుడు గాని పలువురికి తోచలేదు.

తరువాతి కాలమున జనవిజ్ఞానవేదిక పిల్లలకు శాస్త్రవిషయములను చెప్పు భారమును కొంత తలకెత్తుకొన్నది. సికిందరాబాదులోని ‘మంచి పుస్తకం’ వారు ఆ సోవియట్ బాలసాహిత్యమునే ఏరి మరల అచ్చువేయుచున్నారు. నాడు వానిని చదివిన పిల్లలే నేడు తాతలై మనుమల కొరకు కొనుచున్నారు. పరిగి శాసనమును తేట తెలుగున, బొమ్మలతో, ఇరువది పుటల పిల్లల పుస్తకముగా చేయుట వారికి గాని మరి యొకరికి గాని పెద్ద పని కాదు.