రొట్టెలు కాల్చేవారి వీధి

సికింద్రాబాదులో మా పార్సనేజీ నుంచి బేకరీ రెండు కిలోమీటర్ల లోపే ఉంటుంది. మా సంఘంలో నెలకు మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం. ముందురోజు సాయంత్రం సైకిల్ మీద వెళ్లి రొట్టె తేవడం నాకు ఎన్నో ఏళ్ల అలవాటు. ఆటోల మధ్య, సిటీ బస్సుల పక్కన సైకిల్ తొక్కడం ఈ నగరంలో అంత సులువు కాదు. ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం వేశారు, సంతోషమే. కానీ బజారుకు వెళ్లే నాలాంటివాడికీ, పాల క్యాన్లు కట్టుకుని తిరిగేవాడికీ అది అందదు. మాకు కావలసింది రోడ్డు అంచున రెండడుగుల చోటు.

అయినా సైకిల్ వేగంలో ఒక మేలుంది. ఎవరింటికి నాలుగు రోజులుగా తాళం వేసి ఉందో, ఆదివారం కనిపించని సహోదరుడు ఏ అరుగు మీద దిగులుగా కూర్చున్నాడో తెలుస్తుంది. చర్చిలో అడిగితే ‘ప్రభువు కృప, బాగున్నాం అయ్యగారూ’ అనేవారే, సైకిల్ ఆపి ఒక కాలు నేల మీద ఆనించి పలకరిస్తే ఉద్యోగం పోయిన సంగతి చెబుతారు.

అది కట్టెల భట్టీ ఉన్న పాత బేకరీ. ఉస్మానియా బిస్కెట్ల వాసన మలుపు దగ్గరే పలకరిస్తుంది. అక్కడి పెద్దవాళ్లు బ్రెడ్డును ఇప్పటికీ డబల్ రొట్టె అనే అంటారు. పనివాళ్లు అర్ధరాత్రి దాటాక పిండి కలుపుతారు. అది పొంగేదాకా కాచుకుని, తెల్లవారకముందే పొడవాటి కర్రతెడ్డుతో భట్టీలోకి తోస్తారు. మూడు కుంచాల పిండిలో పులిపిండిని దాచిపెట్టిన స్త్రీ ఉపమానాన్ని (మత్తయి 13:33) సెమినరీలో గ్రీకు మూలంతో సహా చదువుకున్నాను. పిండి పొంగడం కోసం నిద్ర చంపుకుని కూర్చున్న మనిషిని మాత్రం ఇక్కడే చూశాను. యజమాని ముస్లిం. నన్ను ‘పాస్టర్ సాబ్’ అంటాడు. ఆ రొట్టె దేనికో ఆయనకు తెలుసు. మాడనిది, విరగనిది ఏరి, శుభ్రమైన కాగితంలో చుట్టి మరీ ఇస్తాడు.

బైబిల్లో కూడా ఒక నగరపు రొట్టెల వీధి ఉంది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించిన రోజులవి. యిర్మీయా ప్రవక్త బందీగా ఉన్నాడు. నగరంలో రొట్టెలు ఉన్నంతకాలం, రొట్టెలు కాల్చేవారి వీధి నుంచి రోజుకొక రొట్టె ఆయనకు ఇవ్వాలని సిద్కియా రాజు ఆజ్ఞాపించాడు (యిర్మీయా 37:21). ఏలీయాకైతే దేవుడు కాకోలములతో ఆహారం పంపాడు, ఇశ్రాయేలీయులకు ఆకాశం నుంచి మన్నా కురిపించాడు. యిర్మీయా విషయంలో అలాంటి అద్భుతమేదీ లేదు. శత్రువు గోడ బయట ఉండగా, గోధుమలు రోజురోజుకూ తగ్గిపోతుండగా, ఆ వీధివాళ్లు పొయ్యి రాజేశారు. వాళ్ల పేర్లు లేఖనాల్లో లేవు. ఈ వచనం మీద మనం ప్రసంగాలు వినేదీ తక్కువే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ వచనం నాకు బాగా అర్థమైంది. చర్చి తలుపులు మూశాం. సంస్కారం ఆగిపోయింది. సరుకుల కోసం ఇంటికి మూడు కిలోమీటర్లు దాటి వెళ్లవద్దని పోలీసులు ఆంక్ష పెట్టారు. మా బేకరీ మాత్రం ఇద్దరు పనివాళ్లతో రోజుకు కొన్ని గంటలు నడిచింది. మా సంఘంలో ఒంటరిగా ఉండే ఒక వృద్ధ విధవరాలికి పొయ్యి వెలిగించుకునే ఓపిక లేదు. ఆమెకు రోజూ రొట్టె, పాలు నేనే సైకిల్ మీద తీసుకెళ్లేవాణ్ణి. ‘అమ్మకు మెత్తగా ఉంటాయి’ అని యజమాని రెండు బన్నులు అదనంగా వేసేవాడు, డబ్బు తీసుకునేవాడు కాదు. సంస్కారపు బల్ల మీద రొట్టె లేని ఆ వారాల్లో ఆమె బల్ల మీద రొట్టె ఉంది.

మొన్న ఒక సంఘ పెద్ద ప్రేమతోనే అడిగారు: “ఈ వయసులో సైకిలెందుకు అయ్యగారూ? ఫోనులో నొక్కితే పది నిమిషాల్లో ప్యాకెట్ రొట్టె గుమ్మంలోకి వస్తుంది కదా!” నిజమే, ఆ ప్యాకెట్ తెచ్చే కుర్రాడూ కష్టజీవే, అతణ్ణి చులకన చేయకూడదు. అయితే ప్రభువు నేర్పిన ప్రార్థనలో అడిగేది ‘నా’ రొట్టె కాదు, ‘మా’ రొట్టె. మార్టిన్ లూథర్ 1529 నాటి తన చిన్న ప్రశ్నోత్తరిలో అనుదినాహారం అంటే ఏమిటో వివరిస్తూ తిండి, బట్ట, ఇల్లు, పొలంతోపాటు నమ్మకమైన పొరుగువారిని కూడా ఆ జాబితాలో చేర్చాడు. కట్టెల ధర పెరిగి, కొనేవారు తగ్గి, భట్టీ ఎన్నాళ్లు నడుస్తుందో తెలియదని మా పొరుగువాడు చెబుతున్నాడు. సంఘం నెలకొక రొట్టె కొంటే ఆ భట్టీ నిలబడదు. వారానికి యాభై కుటుంబాలు కొంటే నిలబడవచ్చు.

ఈ మాట పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక ప్రకటనల్లో చెప్పాను. సంస్కారపు రొట్టె ఇకపై వంతులవారీగా తామే తెస్తామని యువజనులు ముందుకొచ్చారు. వారిలో ఇద్దరికి సైకిల్ తొక్కడం రాదట. నడిచి వెళతామన్నారు.