జర్మన్‌లో ప్రథమ, ద్వితీయ: తెలుగు విద్యార్థులకు కొన్ని మాటలు

మా దగ్గర జర్మన్ మొదలుపెట్టిన హోసూరు విద్యార్థి ఒకరు, ‘నాకు ఒక తమ్ముడున్నాడు’ అనడానికి పరీక్షలో ‘ఇహ్ హాబె ఐన్ బ్రూడర్’ అని రాశారు. మార్కు పోయింది. ఇంటి భాష అడ్డు వస్తోంది, దాన్ని మరిచిపొమ్మని ఎవరో సలహా కూడా ఇచ్చారట. ఆ సలహాతో మేము ఏకీభవించలేము. తప్పు ఎక్కడ పుట్టిందో చూపగలిగేది ఆ తెలుగే.

మన వాక్యంలో తమ్ముడు ప్రథమలో ఉన్నాడు. తమ్ముడు కలిగిన వ్యక్తికి ‘కు’ చేరింది. (ఈ ‘కు’ను మన వ్యాకరణాలు షష్ఠిలో చేర్చాయి, అది వేరే చర్చ.) జర్మన్‌లో ‘హాబెన్’ సకర్మక క్రియ. కలిగినవాడు కర్త, తమ్ముడు కర్మ. కనుక ‘ఐన్’ కాస్తా ‘ఐనెన్’ కావాలి: ‘ఇహ్ హాబె ఐనెన్ బ్రూడర్’. ‘ఒక చెట్టు ఉంది’ అన్నచోట వచ్చే ‘ఎస్ గీప్ట్ ఐనెన్ బౌమ్’ కూడా ఇంతే. మనకు కర్తగా తోచేది అక్కడ కర్మ.

రెండో చిక్కు వేరు. తెలుగులో మనుషులకు ‘ని, ను’ తప్పదు: ‘తమ్ముణ్ణి పిలిచాను’. అచేతనాలకు తరచు వదిలేస్తాం: ‘ఉత్తరం రాశాను’. జర్మన్ ప్రాణం ఉందా లేదా అని చూడదు, లింగం చూస్తుంది. పుంలింగ ఏకవచనంలోనే ‘డేర్’ ‘డెన్’ అవుతుంది, ‘ఐన్’ ‘ఐనెన్’ అవుతుంది. ఉత్తరం అక్కడ పుంలింగం కావడంచేత ‘ఇహ్ ష్రైబె ఐనెన్ బ్రీఫ్’. స్త్రీలింగపు ‘డీ’, నపుంసకపు ‘డాస్’, బహువచనపు ‘డీ’ మారవు. ‘స్టుడెంట్’ వంటి కొన్ని పుంలింగ నామాలు మాత్రం తామే మారి ‘స్టుడెంటెన్’ అవుతాయి. ‘జైన్’ క్రియకు (అగు) ఇరువైపులా ప్రథమే.

రూపం మారినచోట పదక్రమానికి స్వేచ్ఛ దొరుకుతుంది. ‘డెన్ హుంట్ జీట్ డేర్ లేరర్’ అంటే కుక్కను ఉపాధ్యాయుడు చూస్తున్నాడనే. కుక్క ముందు వచ్చినా మనం తడబడం. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవారు తడబడతారు. అయితే ‘డీ ముట్టర్ జూఖ్ట్ డీ టోఖ్టర్’లో తల్లికీ కూతురికీ ‘డీ’యే. ఎవరు ఎవరిని వెతుకుతున్నారు? ముందున్నది కర్త అని సాధారణంగా తీసుకుంటారు.

‘గురువుగారిని అడిగాను’ అంటాం. ‘ఫ్రాగెన్’కు కూడా ద్వితీయే. తమిళంలో ఇక్కడ ‘ఇడం’ వాడడం కద్దు, కాబట్టి బడిలో తమిళం చదివినవారు ఈ క్రియకు తెలుగును ఆనుకుంటే మేలు. ‘హెల్ఫెన్’ మాత్రం ద్వితీయను కోరదు. ‘అతనికి సాయపడ్డాను’ అన్నప్పటి మన ‘కి’కి దగ్గరైన విభక్తిని కోరుతుంది.