పదకొండేళ్లకే పదిహేనేళ్లలా ఎందుకు కనిపిస్తారు?

బస్సులో అర టికెట్ అడిగితే కండక్టర్ ఎగాదిగా చూసి, "నీకు పన్నెండు దాటలేదా?" అంటాడు. పదకొండేళ్ల పిల్లకు ప్రాణం చివుక్కుమంటుంది. తప్పు ఆమెది కాదు. మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అది హార్మోన్లతో కబురు పంపగానే యుక్తవయసు మార్పులు మొదలై, ఎత్తు చకచకా పెరుగుతుంది. సాధారణంగా ఆడపిల్లల్లో 8–13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9–14 మధ్య యుక్తవయసు మొదలవుతుంది. అందుకే ఒకే తరగతిలో ఒకరు అక్కలా, ఒకరు చెల్లిలా ఉంటారు.

ఎముకలకూ ఓ వయసుంది! అది తెలుసుకోవడానికి డాక్టర్లు ఎడమ చేతికి, మణికట్టుకు ఎక్స్‌రే తీస్తారు. ఎముకల చివర్లలో సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. అవి ఖాళీలు కావు, ఇంకా ఎముకగా మారని మృదులాస్థి. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ముందుగా ఎదిగినవాళ్లలో ఆ గీతలు ముందే మూసుకుపోతాయి. ఆరో తరగతిలో అందరికన్నా పొడుగ్గా ఉన్న పిల్లను పదో తరగతికల్లా స్నేహితులు అందుకోవచ్చు.